పురిటి సెలవులో చేపలు

కొండరాళ్ల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడ అది. బయట మేకలు ఆకులు నమిలేవి, లోపల మెడలో బిళ్లలు కట్టుకున్న పిల్లలు ఇంగ్లీషు నమిలేవారు. సముద్రపు గాలి సోకనంత దూరాన, ఏసీ కింద వణుక్కుంటూ ఫిలిప్ అక్కడ చేపలు వెతికేవాడు. ట్రాలర్ల ఓనర్ల కోసం ప్రోగ్రాం మరి. చేపలెక్కడున్నాయో ఉపగ్రహం ఉప్పందిస్తుందట, వీడు తెరమీద ఎర్రచుక్క పెడతాడట, పెద్ద పడవ పోయి ఊడ్చుకొస్తుందట.

దాన్ని టెస్టింగ్ చేయడానికి లీదియా చేరింది. ఉప్పాడ పిల్ల. తండ్రి యోహానుకు చిన్న పడవ ఉంది.

"సముద్రం ఎప్పుడైనా చూశారాండీ?" అంది మొదటిరోజే.

"చూసిన."

"ఎక్కడ?"

"క్యాలెండర్ల."

ఆ పిల్ల నవ్విన నవ్వుకి మన చందానగర్ పిల్లాడు ఫిలిప్ అక్కడే మునిగాడు. ఈత కూడా రాదు పాపం.

వానాకాలం వచ్చింది. జల్లు అద్దాలకు కొడుతుంటే లీదియా తెరమీద వేలు పెట్టింది. ఏరు సముద్రంలో కలిసేచోట చుక్కలన్నీ గుమిగూడాయి.

"శభాష్. ప్రసూతి ఆసుపత్రికి దారి కనిపెట్టారు."

"ఏంది?"

"గుడ్లు పెట్టడానికొస్తాయండీ అక్కడికి. తల్లుల్నే ఊడ్చేస్తే వచ్చే ఏడు మా నాన్న ఏం పట్టాలి, మీ చుక్కలా?"

"నేను చుక్క పెట్టిన. వల వేసిన్నా?"

"లేదులెండి. దారి చూపించేవాడికి ఏ పాపమూ అంటదు."

ఆ రోజు నుంచి క్యాంటీన్లో ఆ పిల్ల వేరే బల్ల దగ్గర కూర్చుంది. వీడికి బిర్యానీ గడ్డిలా ఉంది. చుక్కలు తీసేస్తే ఉద్యోగం పోతుంది, ఉంచితే పిల్ల పోతుంది. ఇంజినీరు కదా, అంత చిన్న లెక్కకి వారం పట్టింది.

డెమో రోజు ట్రాలర్ల ఓనర్ భీమేశ్వరరావు ముందు వరసలో కూర్చున్నాడు. తెర వెలిగింది. ఏటి మొగ దగ్గర అంతా ఖాళీ.

"చేపలేవయ్యా?"

"పురిటి సెలవుల ఉన్నయి సార్. జర ఆగితే పిల్లలతోని వస్తయి."

మేనేజర్ మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడింది. సాయంత్రానికి మెడలో బిళ్ల లాక్కుని ఫిలిప్‌ని వానలో నిలబెట్టారు. ప్రకృతిని కాపాడండి అని గోడనిండా పోస్టర్లు అంటించిన కంపెనీయే అది.

లీదియా గొడుగు తెచ్చింది.

"ఎవరు చేయమన్నారండీ ఇలా?"

"నువ్వే. బల్ల మార్చి చెప్పినవ్ గదా."

ఆ పిల్ల వాణ్ణి ఎస్టీడీ బూత్‌లోకి లాక్కుపోయింది. ఉప్పాడలో కిరాణా కొట్టు ఫోనుకి తండ్రిని పిలిపించింది.

"నాన్నా, నాకో అబ్బాయి నచ్చాడు."

"ఉద్యోగమేంటమ్మా?"

"పొద్దుటిదాకా ఉంది. గుడ్ల చేపల్ని చూపించనని పోగొట్టుకున్నాడు."

ఫిలిప్ కూడా రిసీవరుకి చెవి ఆనించాడు.

"సముద్రం చూశాడా?"

"క్యాలెండర్లో."

"తీసుకొచ్చెయ్యమ్మా," అన్నాడు యోహాను. "గుడ్ల కాలమని నేనూ వేట మానేశాను. ఒడ్డున ఖాళీగా కూర్చోడానికి నాకూ ఒకడు తోడుండాలి."