ఒకటి నుంచి ఏడు దాకా

"ఇది ప్రధాన సంఖ్య. దేంతోనూ భాగం పోదు," అన్నాడు సాయికిరణ్, కాగితం మీద 12,34,567 అని రాసి స్నేహితుడు త్రినాథ్‌కి చూపిస్తూ.

పాసింజరు అప్పుడే చీపురుపల్లి దాటింది. ఇద్దరూ శ్రీకాకుళంలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తున్నారు.

"భాగించి చూశారేటండీ?" అంది కిటికీ పక్కనున్న అమ్మాయి.

"చూడక్కర్లేదండీ. మూడుతో పోదు, ఐదుతో పోదు, ఏడుతో పోదు."

"అక్కడితో ఆగిపోతే ఎలా? దాని వర్గమూలం వెయ్యీ నూట పదకొండు. అందాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ చూడాలి."

"ఫోన్లో కొడితే ఐపోద్ది కదా," అన్నాడు త్రినాథ్.

"ఫోన్ తియ్యకురా! చేత్తోనే తేలుస్తాను," అన్నాడు సాయికిరణ్ ఉక్రోషంగా.

అమ్మాయి నవ్వింది. "అయితే వంద నుంచి ఐదొందల దాకా నాకొదిలేయండి. మిగిలినవి మీరు చూడండి."

ఆమె పేరు హైమ. అరసవల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

మర్నాటి నుంచి త్రినాథ్ తనే వేరే సీటు చూసుకున్నాడు. వాన జల్లు లోపలికి కొడితే కాగితం తడవకుండా హైమ చున్నీ అడ్డం పెట్టేది, సాయికిరణ్ భాగిస్తూ కూర్చునేవాడు.

"మీ వైపు ఏదైనా శేషం లేకుండా తెగిందా?" అని రోజూ అడిగేవాడు.

"ఇంకా లేదండీ," అని ఆమె బయటి పొలాల వైపు చూసేది.

భాగహారాల మధ్య కబుర్లు దొర్లాయి. ఆమె క్లాసులో పిల్లల అల్లరి, అతను తప్పిన పరీక్షలు. మెల్లగా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఓ సోమవారం హైమ కాగితం వైపు చూడకుండానే వచ్చి కూర్చుంది.

"మావయ్య సంబంధం తెచ్చాడు. ఆదివారంలోగా ఏదో ఒకటి సెప్పమంటన్నాడు నాన్న."

సాయికిరణ్ పెన్ను ఆగిపోయింది. అతనికి మిగిలింది ఒక్కటే, వెయ్యీ నూట తొమ్మిది. దాంతో భాగించాడు. శేషం రెండొందల యాభై.

"నా వైపు ఏదీ తెగలేదు. నీ వైపూ తెగలేదు. ప్రధాన సంఖ్యే. నేనే గెలిచాను," అన్నాడు. గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"ఓడిపోయావు. నూట ఇరవై ఏడుతో పోద్ది. భాగఫలం తొమ్మిదివేల ఏడొందల ఇరవై ఒకటి."

అతను గుణించి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"రెండో రోజే."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే కాగితం మడిచేసి నీ దారిన నువ్వెళ్ళిపోతావు కదా," అంది హైమ, తల ఎత్తకుండా.

అతనికి నవ్వొచ్చింది. "నాకు నువ్వంటే ఇష్టం హైమా. ఆదివారం మీ నాన్నకి ఏటి సెప్తావు?"

"నువ్వే వచ్చి సెప్పు."

ఆదివారం వెళ్ళాడు. హైమ తండ్రి నరసింగరావు పొలం నుంచి అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతని గురించీ లెక్క గురించీ కూతురు ముందే చెప్పినట్టుంది.

"ఉద్యోగం?"

"ఇంకా రాలేదండీ. ప్రిలిమ్స్ పాసయ్యాను."

నరసింగరావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"దానికి సీర కొనడానికెల్తే నచ్చనిదాన్ని సిటికెలో తోసేస్తాది. నచ్చిందనుకో, నోరిప్పి సెప్పదు. వదలనూ వదలదు. నిన్ను ఇన్నాళ్ళు నానబెట్టిందంటే నాకు తెలీదేటి? నువ్వు ముందు ఉద్యోగం సూసుకో బాబూ. మా బావమరిదికి నేను సెప్పుకుంటాను."

సాయికిరణ్ తలూపాడు.

"హైమా, అబ్బాయికి కూడా వడ్డించు," అని కేకేశాడు నరసింగరావు.

లోపలి నుంచి జవాబు రాలేదు. కంచాలు పెడుతున్న చప్పుడు మాత్రం అప్పటికే వినిపిస్తోంది.