ఉయ్యాలపలక మీద పేరు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...!

పన్నెండంటే సూర్యుడు నడినెత్తిన నిలిచే వేళ అనుకునేరు. ఐస్‌లాండ్ ఉత్తరపు కొసన డిసెంబరులో సూర్యుడికే చలి! కొండ వెనక ముసుగుతన్ని పడుకుంటాడు. ఆ కాటుక చీకట్లో సముద్రం మృత్యుఘోషతో ఒడ్డును మోదుతోంది... ఇంటికప్పు మీద మాలకాకి వికృతంగా అరిచింది... క్రాఁ...!

వంటింట్లో హాల్బెరా పొయ్యి మీద కుతకుతలాడుతున్న కాఫీ కెటిల్‌ను ఉత్తచేతుల్తో ఎత్తింది. కమురు వాసన గుప్పుమంది... ఆమె ముఖంలో గీత కదలలేదు!

"చేతులే! చేతులు కాలుతున్నాయే పిచ్చిదానా!" తల్లి రాన్వేగ్ కెటిల్ లాగి అవతల పడేసింది.

"కాలాయా?" అంది హాల్బెరా, పక్కింటి సంగతి విన్నట్టు.

కొద్దిరోజులుగా అంతే. ఆకలి లేదు. నిద్ర లేదు. మొగుడు చేపల ఓడ మీద ఎక్కడో ఉన్నాడు. మంచుతుపానుకు కనుమదారి మూసుకుపోయి డాక్టరూ రాలేదు. ఉయ్యాల్లో నెలగుడ్డు నీలికమ్మిన పెదాలతో మంచుముద్దలా బిగుసుకుపోతున్నాడు. వాడు చచ్చిపోతాడని హాల్బెరాకు తెలుసు. తెలియడమే... బాధ పుట్టడం లేదు! గుండెలో ఎవరో దూది కుక్కినట్టుంది.

మనవడికి దుప్పటి సర్దబోయిన రాన్వేగ్, ఉయ్యాల తలవైపు వేలాడుతున్న కొత్త పలకను చూసింది. అలలు కొట్టుకొచ్చిన కొయ్య. నడుమ ఎనిమిది కొమ్ముల చక్రం, చుట్టూ ఎర్రటి రూన్ అక్షరాలు, పూర్వపు మంత్రలిపి. గోటితో గీరింది. రంగు కాదు... గడ్డకట్టిన నెత్తురు!

"ఎక్కడిదే ఇది?"

"గ్రీమూర్ కొట్లో చేయించాను. బాప్తిస్మానికి బహుమానం. బాబు పేరు చెక్కాడు."

ఆ సీమలో పాదిరి నీళ్లు చిలకరించి పలికేదాకా బిడ్డ పేరు కన్నతల్లి నాలుక దాటకూడదు. అప్పటిదాకా వాడు ఉత్త 'అబ్బాయి'. పేరు ముందే చిక్కితే ప్రాణం పిడికిట చిక్కినట్టే!

"కన్నదాన్ని, నాకే చెప్పలేదు కదే! ఆ ముసలినక్కకు చెప్పావా?"

"చెప్పకపోతే ఎలా చెక్కుతానన్నాడమ్మా. నాన్న కలలోకొచ్చాడు. మంచం కాళ్ల దగ్గర, తడిబట్టలతో. 'నీ కొడుకులో నాకింత చోటిస్తావా అమ్మాయ్' అన్నాడు. ఇస్తానన్నాను. నాన్న పేరే పెట్టుకున్నాను."

సముద్రం మింగేసి, శవమైనా తిరిగివ్వని మొగుడి మాట! రాన్వేగ్ పలకను పెరికి పొయ్యిలోకి విసిరింది. పలక కాలలేదు... పొయ్యే ఆరిపోయింది!

"బిడ్డనెత్తుకో. రాసినవాడి చేతే చెరిపిద్దాం, పద!"

గ్రీమూర్ కొట్టు రేవు చివర. పర్యాటకులకు పేర్లు చెక్కిన కప్పులు, తాళంచెవి బిళ్లలు అమ్మే పండుముసలి. అవన్నీ సింగారానికే, వాటివల్ల ఎవడికీ జలుబైనా చేయలేదు. కానీ వెనకగదిలో... సీలు జంతువు కొవ్వుతో దీపం! గుర్రపు కపాలం! దాని నొసట నెత్తురోడే మంత్రరేఖలు! ఎదుట గ్రీమూర్ చొక్కా విప్పి చెమటలు కక్కుతున్నాడు. నెరిసిన జుట్టు నల్లబడింది... ఊడిన పళ్లు మొలిచాయి!

"ఒరే గ్రీమూర్! కాటికి కాళ్లు చాపుకుని పసివాడి వేడి తాగుతావురా, సిగ్గులేనోడా!"

"చలేస్తోంది రాన్వేగూ! జీవితమంతా చలే!" వికటంగా నవ్వాడు. "నేనేం దొంగిలించలేదే. నీ కూతురే తెచ్చి చేతిలో పెట్టింది. అడుగు!"

"నేనే చెప్పాను," అంది హాల్బెరా. ఆమె చేతుల్లో బిడ్డ రాయిలా ఉన్నాడు.

రాన్వేగ్ మీదకురికింది. వాడు ఒక్క తోపు తోసి, కత్తిమొన కపాలానికి ఆనించాడు. చివరి గీత!

"థోర్కెల్...! ఎక్కడున్నా కదిలిరా! నీ ఊపిరి నాది! థోర్కెల్...!!"

దీపం నీలమైంది... గాలి స్తంభించింది... సముద్రఘోష చటుక్కున ఆగింది...

తప్... తప్... తప్...

నీళ్లూరే బూట్ల చప్పుడు! తలుపు తెరుచుకుంది. జాలరి కోటు, గడ్డం నిండా నాచు, కళ్లున్న చోట గవ్వలు...!

"పిలిచావా గ్రీమూర్?"

కత్తి జారిపడింది. "నిన్ను కాదు! పసివాణ్ణి...!"

"పాదిరి పిలవందే వాడికి పేరెక్కడిదిరా? ఉయ్యాలకు కట్టి వేడి పీల్చావు సరే. పేరెత్తి పిలిస్తే మాత్రం పేరుగలవాడే పలుకుతాడు. ఎక్కడున్నా రమ్మన్నావు. సముద్రం అడుగునున్నాను. వచ్చాను."

"పో! నా ఆజ్ఞ...!"

"నా ఊపిరి నీదన్నావుగా? దాని నిండా ఉప్పునీళ్లే. తాగు!"

గ్రీమూర్ నోరు తెరిచాడు. కేక రాలేదు... సముద్రం వచ్చింది! ముక్కునుంచి, చెవులనుంచి భళ్లున ఉప్పునీళ్లు! పొడినేల మీద నిలువునా మునిగిపోయాడు! జుట్టు నెరిసింది... పళ్లు రాలాయి... కపాలం ఫెళ్లున పగిలింది. చచ్చినవాడు మాంత్రికుణ్ణి చీలమండ పట్టి ఈడ్చుకుంటూ అలల్లోకి దిగిపోయాడు.

"ఏమయ్యా... ఒక్కసారి ఇటు చూడవయ్యా!" రాన్వేగ్ గుమ్మందాకా పరుగెత్తింది. అతను తిరగలేదు. "బతికున్నన్నాళ్లూ ఇంతే! చెప్పకుండా రావడం, చెప్పకుండా పోవడం!" కొంగులేని ముసలామె చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది.

హాల్బెరా కదలకుండా నిలబడింది. తండ్రి వచ్చాడు, వెళ్లాడు. ఏమీ అనిపించలేదు.

అంతలో ఆమె పొట్టమీద ఏదో తడి. కిందికి చూసింది. దుప్పటిలోంచి సన్నటి ధార పావడా మీదికి కారుతోంది... సెగలుగక్కుతూ! మరుక్షణం కొట్టు అదిరేలా కేర్రుమన్నాడు పసివాడు.

"అమ్మా..." హాల్బెరా పెదవి వణికింది. "వెచ్చగా ఉందే!"

అంటూనే అక్కడే కూలబడి, కొడుక్కి పోటీగా బావురుమంది.