వ్యాన్ ఎవరి పేరు మీద?

"ఏవండీ, ఆ వ్యాన్ మాదండీ!"

కొలకలూరులో తమ ఇంటి ముందు వ్యాన్ కడుగుతున్న కిరణ్ కుమార్ తలెత్తి చూశాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఎదురుగా గొడుగు కింద ఒక అమ్మాయి నిలబడి ఉంది. చెప్పులకు బురద, భుజాన కాలేజీ బ్యాగు, కళ్లనిండా కోపం.

"మీదా? మా నాన్న కొని చాలా ఏళ్లయిందండీ."

"కొన్నారు, పేరు మార్చుకోలేదు. ఇంకా మా నాన్న పేరు మీదే ఉంది."

"దానికోసం వర్షంలో ఇంతదూరం వచ్చి గొడవపడాలాండీ?"

"వర్షంలో వ్యాన్ కడిగేవాళ్లు నాకు చెప్పక్కర్లేదు."

కిరణ్‌కి నవ్వొచ్చింది. ఆ అమ్మాయికి రాలేదు. ఆమె పెదవులు వణుకుతున్నాయి. అది గమనించగానే అతని నవ్వు ఆగిపోయింది. పైపు కట్టేసి, "ముందు లోపలికి రండి," అన్నాడు.

ఆమె పేరు కరుణశ్రీ. ఊరు రేపల్లె. బాపట్లలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. వాళ్ల నాన్న యాకోబు ఒకప్పుడు ఆ వ్యాన్‌లో వెనక సీట్లు తీసేసి రొయ్యలు వేసుకుని మార్కెట్లకి తిరిగేవాడు. వ్యాపారం కలిసిరాక దాన్ని కిరణ్ తండ్రి బాలస్వామికి అమ్మేశాడు. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు.

కరుణశ్రీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి దరఖాస్తు పెట్టుకుంది. ఆదాయ సర్టిఫికెట్ తెచ్చింది. బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిపించింది. వేలిముద్ర కూడా వేసొచ్చింది. అంతా అయిపోయిందనుకుంటే వార్డు సచివాలయం కంప్యూటర్‌లో 'అనర్హులు' అని వచ్చింది. కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉందట.

"మా ఇంట్లో సైకిలు తప్ప ఏం లేదండీ," అంది కరుణశ్రీ, మంచినీళ్లు తెచ్చిచ్చిన కిరణ్ తల్లి సుగుణమ్మతో. "శనివారంలోగా సరిచేయించకపోతే ఫీజు మేమే కట్టుకోవాలంట. మా నాన్న చదువు మానెయ్యమని అనలేదు. అసలేమీ అనట్లేదు. అదే భయంగా ఉందండీ. అందుకే నేనే వచ్చాను."

"అయ్యో తల్లీ, దానికేముంది, మార్చేద్దాం," అంది సుగుణమ్మ.

"అవునండి, రేపే తెనాలి ఆర్టీవో ఆఫీసుకెళ్లి..." అంటూ కిరణ్ సగంలో ఆగిపోయాడు.

అతను తెనాలిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. అతని ఫీజూ ప్రభుత్వమే కడుతోంది. వ్యాన్ తమ పేరు మీదకి వస్తే ఆ అనర్హత ఇక్కడికి వచ్చి కూర్చుంటుంది.

అతని మొహం మారడం కరుణశ్రీ చూసింది. కాసేపటికి ఆమెకీ అర్థమైంది.

"మీదీ రీయింబర్స్‌మెంటేనా?"

"అవునండి."

పైన రేకుల మీద వాన జోరందుకుంది. పోట్లాడదామని రైల్లో దారంతా మాటలు కూర్చుకొచ్చిన అమ్మాయికి ఒక్కటీ పనికిరాలేదు.

"నాన్నతో మాట్లాడి రేపు ఫోన్ చేస్తానండి," అన్నాడు కిరణ్.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. ఆమె చేస్తే రింగవుతోంది, ఎత్తట్లేదు.

"ఎవరే? ల్యాబ్‌లో కూడా ఫోన్ చేతిలోంచి దించట్లేదు. బాయ్‌ఫ్రెండా?" అంది పక్క బెంచీలో ఉన్న పింకీ.

"కాదే. మా నాన్న దగ్గర వ్యాన్ కొన్నవాళ్ల అబ్బాయి."

"అబ్బో! అందరికీ బైకుల మీద వస్తారు. నీకు వ్యాన్‌లో వచ్చాడన్నమాట!"

కరుణశ్రీ నవ్వలేకపోయింది. సీనియర్ ఒకమ్మాయి ఫీజు కట్టలేక మధ్యలో వెళ్లిపోయిందని ఎవరో చెప్పిన మాట చెవిలో తిరుగుతోంది. కిరణ్‌ని తిట్టుకుందామంటే మనసు రావట్లేదు. అతని స్థానంలో తనుంటే మాత్రం ఫోన్ ఎత్తేదా?

గురువారం సాయంత్రం, ఇంటికి వెళ్లే బస్సులో ఉండగా ఫోన్ మోగింది.

"సారీ అండి. మా నాన్న ఒప్పుకోడానికి టైమ్ పట్టింది. ఆయన ఒప్పుకోకుండా మీకేం చెప్పాలో తెలియక ఎత్తలేదు. రేపు మీ నాన్నగారిని తీసుకుని తెనాలి రాగలరా?"

"మరి మీ ఫీజు?"

"నాకు పార్ట్‌టైమ్ జాబ్ దొరికిందిలెండి. మీరైతే రండి."

శుక్రవారం ఆర్టీవో ఆఫీసులో తండ్రులిద్దరూ సంతకాలు పెట్టారు. పేరు మారుస్తున్నట్టు రసీదు చేతికొచ్చింది. యాకోబు గబగబా వచ్చి బాలస్వామి చేతులు పట్టుకున్నాడు.

"వందనాలు అన్నా. మీ మేలు మర్చిపోలేను."

"నాకెందుకు చెప్తావు తమ్ముడూ? మావాడికి చెప్పు," అన్నాడు బాలస్వామి. ఆయన గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. "ఇంట్లో యుద్ధం చేశాడు. ఆ అమ్మాయి చదువు మొదట్లోనే ఆగిపోకూడదంట. కావాలంటే తను కాలేజీ మానేసి, పనిచేసుకుని వచ్చే ఏడు పరీక్షలు రాస్తాడంట!"

కరుణశ్రీ గిరుక్కున తిరిగింది.

"పార్ట్‌టైమ్ జాబ్ దొరికిందన్నారు?"

"దొరుకుతుందండి... వెతికితే."

"అబద్ధం ఎందుకు చెప్పారు?"

"నిజం చెబితే మీరు రారుగా."

ఆమెకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏది ముందు బయటపెట్టాలో తేల్చుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది.

మధ్యాహ్నానికల్లా రేపల్లెలో సచివాలయానికి పరిగెత్తింది. అక్కడ పనిచేసే సాయి ప్రియ రసీదు అప్‌లోడ్ చేసి, "నీ తరఫున అభ్యంతరం పెట్టేశానమ్మా. పైవాళ్లు చూసి మారుస్తారు. ఇంక ఇంటికెళ్లు," అంది.

కరుణశ్రీ కుర్చీలోంచి లేవలేదు.

"మేడమ్, నాలుగు చక్రాల బండి ఉంటే ఎవరికీ రాదా? దాన్ని నడుపుకునే బతికేవాళ్లకి కూడా?"

"టాక్సీలకీ ఆటోలకీ ట్రాక్టర్లకీ మినహాయింపు ఉంది. కాకపోతే టాక్సీగా రిజిస్టరై ఉండాలి."

కరుణశ్రీ మెట్లు దిగకముందే ఫోన్ చేసింది.

"కిరణ్ గారూ, మీ నాన్నగారు వ్యాన్ కిరాయికే తిప్పుతారుగా?"

"అవునండి. ఆస్పత్రులకీ, పెళ్లిళ్లకీ. ఏం?"

"మరి ఇంకా సొంత బండి తెల్ల ప్లేటేంటండీ? టాక్సీగా మార్పించండి! మీ ఫీజూ పోదు."

అవతల నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"ఇది నాకెందుకు తట్టలేదు?"

"మీరు త్యాగాలు చెయ్యడంలో బిజీగా ఉన్నారు కదండీ."

ఈసారి ఇద్దరూ నవ్వారు.

నవ్వినంత తేలిగ్గా పని కాలేదు. ఫిట్‌నెస్ అన్నారు, పర్మిట్ అన్నారు. ఒకరోజు సర్వర్ పనిచేయలేదు, ఒకరోజు సారు రాలేదు. ఈలోగా కరుణశ్రీ పేరు ఎదురుగా 'అర్హులు' అని వచ్చింది. ముందు నాన్నకి ఫోన్ చేసింది. యాకోబు "దేవుడా!" అన్నాడు. రెండో ఫోన్ కిరణ్‌కి. ఆమెకంటే గట్టిగా అతనే అరిచాడు.

అయినా ఆమెకి మనసు కుదుటపడలేదు. అతని పరీక్ష ఫీజు గడువు దగ్గర పడుతోంది; కాలేజీ ఫీజు సంగతి తేలందే దాన్ని కట్టించుకోరు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేది.

"ఏమైంది?"

"చూస్తున్నారంట."

"ఎన్నాళ్లు చూస్తారు?"

"నువ్వు తిన్నావా? ... సారీ అండి, నువ్వు అనేశాను."

"పర్లేదు. తిన్నాను. నువ్వు?"

ఒక సాయంత్రం బాపట్లలో కాలేజీ వదిలేసరికి జోరున వాన. గేటు దగ్గర టాక్సీల పసుపు ప్లేటుతో వ్యాన్ ఆగి ఉంది. పక్కన తడుస్తూ కిరణ్. అతని మొహం వాడిపోయి ఉండటం కరుణశ్రీ చూసింది. పుస్తకాలు తడుస్తున్నా పట్టించుకోకుండా పరిగెత్తింది.

"రాలేదా? రిజెక్ట్ చేశారా? చెప్పు కిరణ్!"

అతను ఫోన్ తీసి చూపించాడు. తెరమీద చినుకులు. తుడిచి చూసింది. అర్హులు.

"వచ్చింది కదా! మరి ఆ మొహం ఏంటి? ప్రాణం పోయిందనుకో!"

"వచ్చింది. అందుకే..." అంటూ అతను నేల చూశాడు. "ఇంక రోజూ నాకు ఫోన్ చెయ్యడానికి నీకు పనేం లేదుగా. దారంతా అదే ఆలోచన. నువ్వంటే నాకు ఇష్టం కరుణా. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనేమోనని వచ్చాను."

కరుణశ్రీ అతన్ని చూసింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

ఆమె వ్యాన్ ముందు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. అతను ఇంకా వానలోనే నిలబడి ఉంటే అద్దం దించింది.

"ఎక్కు. రేపల్లె దాకా దింపు. మా నాన్నకి మన సంగతి ఎలా చెప్పాలో దారిలో ఆలోచిద్దాం."

కిరణ్ పరుగున వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళంచెవి మాత్రం తిప్పలేదు.

"ఇవాళే చెప్పాలా?"

"భయంగా ఉందా?"

"చాలా."

"నాకూ," అంది కరుణశ్రీ, తడిసిన అతని చేతి మీద చెయ్యి వేసి. "పోనివ్వు."