గట్టు లేని పొలి

సముద్రం చూపించమని ధనలక్ష్మి పెళ్ళైన నాటి నుంచి మొగుడి చెవిలో పోరు పెడుతూనే ఉంది. నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు నడిపే పుల్లారావు, ఎనభై మూడు వేసవిలో కొట్టుకి తాళమేసి, "సరే, పదండి, పీడా పోద్ది" అన్నాడు. బాపట్ల దాటాక ఒడ్డునే ఉన్న ఓ గెస్ట్‌హౌస్‌లో నలుగురూ దిగారు: మొగుడూ పెళ్ళాలు, ఆరేళ్ళ కూతురు సునీత, అత్త కోటమ్మ.

కోటమ్మ ఆ నీళ్ళకేసి చూసి మూతి తిప్పింది. "ఇన్ని నీళ్ళుండి ఏం లాభమే? మా రాజుపాలెంలో చెంబుడు నీళ్ళుంటే ఓ మిరపమొక్క బతికేది."

"స్వర్గానికి పోయినా నువ్వు బోరెక్కడ వెయ్యాలా అని చూస్తావు అత్తమ్మా."

"చూడబట్టే నువ్వు పట్టుచీరలు కడతన్నావు."

అత్తాకోడళ్ళు అలా మాటకి మాట అప్పజెప్పుకుంటుంటే, సునీత పగలంతా అలల్లోనే దొర్లింది. "లోతుకు పోమాకే!" అని అరిచి అరిచి ధనలక్ష్మి గొంతు బొంగురుపోయింది.

పొద్దుగూకేవేళకి వాచ్‌మన్ రాజారత్నం నాటుకోడిని తెచ్చిచ్చి, సైకిలెక్కి ఊళ్ళోకి పోయాడు. ఆ ఇంట్లో ఇంకెవరూ దిగలేదు. పుల్లారావు ఇసకలోనే కోడిని కోశాడు. వరండాలో కిరసనాయిలు స్టవ్ మీద కూర ఉడుకుతుంటే కోటమ్మ ఊరుకోలేదు. గిన్నెలో పట్టిన నెత్తురులో ఇంత అన్నం, ఇంత పసుపు కలిపింది.

చేలో కోడిని కోస్తే మనిషి ముద్ద ముట్టే ముందు పొలి చల్లడం వాళ్ళ ఇంటి ఆచారం. నెత్తుటన్నం పట్టుకుని ఒకరు "పొలో..." అని కేకేస్తూ, చేను చుట్టూ గట్టు వెంబడి చల్లుకుంటూ పోతారు. వెనకున్నవాళ్ళు "పొలి" అని అందుకుంటారు. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి చుట్టు మూస్తారు. ఆ నేలని పట్టుకుని ఉన్నదేదో తన ముద్ద తాను తిని గట్టవతలే ఉండిపోతుంది.

"ఇక్కడ నీకు చేనెక్కడుంది అత్తమ్మా?" ధనలక్ష్మి పకపకా నవ్వింది.

"నేలంటూ ఉన్నాక అడిగేవాళ్ళుంటారు. పళ్ళికిలించమాక. వెనకాల నిలబడి 'పొలి' అను."

"నేననను. ఎవరన్నా చూస్తే నవ్విపోతారు."

కోటమ్మ కోడలికేసి కొరకొరా చూసి నీళ్ళ అంచుకు నడిచింది. పిడికెడు అన్నం తీసి సముద్రం మీదికి విసిరింది.

"పొలో..."

ధనలక్ష్మి పంతం కొద్దీ పెదవి విప్పలేదు. పుల్లారావు స్టవ్ దగ్గరున్నాడు. సునీత తల్లి పక్కనే కూచుని ఇసక తవ్వుకుంటోంది.

"పొలి."

ఆ మాట వెనక నుంచి రాలేదు. ముందు నుంచి వచ్చింది. నీళ్ళలోంచి.

ఒక్క గొంతు కాదది.

గెస్ట్‌హౌస్‌లో కరెంటు పోయింది. స్టవ్ మంట కూడా ఆరిపోయింది. చీకటి గుడ్డ కప్పినట్టు మీద పడింది. అలల హోరు ఆగిపోయింది. సముద్రం ఎక్కడన్నా ఆగుతుందా...? ఆగింది. ఉప్పుగాలి పోయి, తొలకరి పడ్డ నల్లరేగడి వాసన గుప్పుమంది. ధనలక్ష్మి పక్కకి చెయ్యి చాపింది. పిల్ల తగల్లేదు.

"సునీతా... ఏమే సునీతా..."

ఇసకంతా తడిమింది. కాసేపటికి ఓ తడి చెయ్యి వచ్చి ఆమె వేలు పట్టుకుంది. హమ్మయ్య అనుకుని, పిల్లని చంకనేసుకుని వరండాలోకి పరిగెత్తింది.

అప్పుడు మొదలైంది నమిలే చప్పుడు. పెళ్ళి బంతిలో అందరూ ఒక్కసారే తింటున్నట్టు... చప్... చప్... ఒడ్డు పొడుగునా. అది దగ్గరికొస్తోంది.

"అమ్మా, ఏందది?" పుల్లారావు బ్యాటరీ లైటు దొరక్క తడుముకుంటూ గుసగుసగా అడిగాడు.

నీళ్ళ అంచు నుంచి పడుతూ లేస్తూ వచ్చిన కోటమ్మ వరండా స్తంభం పట్టుకుంది. "తప్పు చేశాన్రా. పిలిచాను... గట్టేది? దీనికి గట్టెక్కడుంది? ఎక్కడని మూసేది?"

ఆ ముసలిదాని గుండెధైర్యానికి దణ్ణం పెట్టాలి. తాటిమట్ట ఒకటి దొరకబుచ్చుకుని చీకట్లోకి దిగింది. మట్టని ఇసకలో ఈడుస్తూ ఇల్లు చుట్టూ నడిచింది. బర్... బర్... ఆ చప్పుడు ఇంటి వెనక్కి పోయింది. చాలాసేపు వినపడలేదు. మళ్ళీ వచ్చింది. మొదలెట్టిన చోట గీతకి గీత కలిపి, మెట్ల మీద కూలబడింది.

నమిలే చప్పుడు ఠక్కున ఆగింది.

"మూశాను. ఇంక బయటిది లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. తెల్లారేదాకా ఎవరూ గీత దాటొద్దు... ఎవరు పిలిచినా పలకొద్దు."

ధనలక్ష్మి పిల్లని ఒళ్ళోకి లాక్కుని గోడకి ఆనుకుంది. చెప్పినట్టు ఒక్కసారి "పొలి" అని ఉంటే ఏం పోయేది తన సొమ్ము? పిల్ల ఒళ్ళంతా తడి. వణకడం లేదు. తల్లి రొమ్ములో మొహం దూర్చుకుని బజ్జున్నట్టే ఉంది.

"అమ్మా..."

సన్నగా వినపడింది. గీత అవతల నుంచి.

"అమ్మా... ఎక్కడున్నావే? నాకు భయమేస్తంది... ఈ గీత దాటలేకపోతన్నానమ్మా..."

సునీత గొంతు. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతున్న సునీత గొంతు. పుల్లారావు దిగ్గున లేచాడు. కోటమ్మ అతని పంచె పట్టుకుని వేలాడింది. "వద్దురా... పిల్ల దాని ఒళ్ళోనే ఉందిగా..."

ధనలక్ష్మి ఒళ్ళో బరువుంది. చేతుల్లో పిల్లుంది. అయినా కన్నపేగు గీత అవతలికే లాగుతోంది. "ఓయ్" అనబోయి నోరు తెరిచింది.

ఒళ్ళో పిల్ల కదిలింది. చల్లటి అరచెయ్యి పైకి లేచి తల్లి నోటిని మూసేసింది.

"పలకమాకమ్మా..."

ఆ చేతికి గాజులు గలగలమన్నాయి. నిండు చేతి గాజులు.

సునీతకి ధనలక్ష్మి ఏనాడూ గాజులు వెయ్యలేదు.