ఏడు ముక్కల సైకిలు

ఆ అమ్మాయి గోనెసంచిని టేబుల్ మీద బోర్లించింది. రెండు చక్రాలు, హ్యాండిల్, సీటు, మూడు ఇనప గొట్టాలు, వాటి వెనకే నూనె కారుతున్న చైను, అన్నీ కలిసి డిజైనరు గీసుకుంటున్న కాగితాల మీద పడ్డాయి. చక్రం ఒకటి టేబుల్ దిగి, గది దాటి, వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ సైకిలు అంత సాఫీగా నడవడం అదే మొదటిసారి.

"మీ సైకిలు. కలిపివ్వండి," అంది.

డిజైనరు ముందు కాగితాల మీద మరకల్ని చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. ఈ వరుస తిరగేసి ఉంటే బాగుండేదని అతనికి ఆలస్యంగా తోచింది.

"మీరు..."

"ట్రయల్‌కి సైకిలిచ్చారు కదా, వాళ్ళలో ఒకదాన్ని. ఫిజియోథెరపిస్టుని. ఇళ్ళకెళ్ళి మోకాళ్ళూ నడుములూ చూస్తుంటాను. మీ పుణ్యమా అని ఈ మధ్య నా నడుం నేనే చూసుకుంటున్నాను."

ఈ డిజైనరు గురించి రెండు మాటలు చెప్పుకోవాలి, అతన్నడిగితే ఇరవై చెప్తాడు. అతని మేనమామకి సైకిళ్ళ కంపెనీ ఉంది. విడదీసి సూట్‌కేసులో పెట్టుకుని రైలెక్కగలిగే సైకిలు చెయ్యాలన్నది ఇతని కల. ఏడు ముక్కలుగా విడిపోయేలా గీశాడు. సూట్‌కేసులో పట్టింది కూడా. ఆ రోజు ఆఫీసంతా స్వీట్లు పంచాడు. ఆ సూట్‌కేసు పుచ్చుకుని మనుషులు మెట్లెక్కాల్సి వస్తుందన్న సంగతి మాత్రం తట్టలేదు. పాపం, అతని ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్.

మేనమామ షరతు ఒక్కటే. ట్రయల్ వాళ్ళు బాగుందంటే ఈ సైకిలు తయారవుతుంది. బాగాలేదంటే మేనల్లుడు చిన్నపిల్లల మూడుచక్రాల బళ్ళ సెక్షన్‌కి వెళ్ళి, వాటి ముందు బాతు మొహాలు గీసుకోవాలి.

"చాలా సింపులండీ, రెండు నిమిషాల పని. ఏడే ముక్కలు," అన్నాడు డిజైనరు చొక్కా చేతులు మడుస్తూ.

"ఎనిమిది. చైను లెక్కపెట్టలేదు మీరు."

"చైను ముక్క కాదండీ. యాక్సెసరీ."

ఆమె కాసేపు నిలబడింది. వరండాలోకి వెళ్ళి చక్రం తెచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. బ్యాగులోంచి పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది.

"ఇక్కడ వెలుతురు కాస్త తక్కువగా ఉంది," అన్నాడు చైనుతో కుస్తీ పడుతూ.

"అవును. స్టేషన్ మెట్ల దగ్గరైతే నాకోసం దీపాలు పట్టుకుని నిలబడతారు."

ఎట్టకేలకు సైకిలు నిలబడింది. టేబుల్ మీద ఒక బోల్టు మిగిలింది.

"ఇదేంటి?"

"స్పేరండీ."

"మా పేషెంట్లకి ఆపరేషన్లు చేసిన డాక్టర్లు చాలామంది తెలుసు నాకు. ఒక్కరూ ఈ మాటనలేదు." పుస్తకం మూసింది. "శనివారం నాతో రౌండ్‌కి రండి. మోసేది మీరు."

శనివారం వాన. సూట్‌కేసు పుచ్చుకుని డిజైనరు రైలెక్కేసరికి సగం పెట్టెకి శత్రువయ్యాడు. టికెట్ చెకింగ్ ఆయన సూట్‌కేసు వైపు చూశాడు.

"ఏంటిందులో?"

"సైకిలండీ."

మూత తెరిపించి లోపలికి తొంగి చూశాడు. "ఏం తప్పు చేసింది పాపం?" అని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. భుజాలు ఊగడాన్ని బట్టి నవ్వుతోందని తెలుస్తూనే ఉంది.

దిగాక స్టేషన్ బయట వానలోనే బిగించాల్సి వచ్చింది. ఆమె గొడుగు తెరిచి సైకిలు మీద పట్టింది.

"నేను తడుస్తున్నానండీ."

"మీకేం, గట్టిగా ఉన్నారు. నేనెప్పుడూ పేషెంటు పక్షమే."

సైకిలు సిద్ధమయ్యాక ఆమె ఎక్కింది. అతను ఖాళీ సూట్‌కేసుతో వెనకాల పరుగెత్తాడు. సైకిలు ఒక్కరికే కదా.

పేషెంటు రిటైరైన హెడ్‌మాస్టరు. ఎడమ మోకాలు మడత పడదు, నాలుక మాత్రం ఎటైనా మడత పడుతుంది. "రామ్మా. పోయినసారి నువ్వొచ్చి వెళ్ళాక మోకాలు తేలికపడింది గానీ, నా తెల్ల పైజామా ఇంకా కోలుకోలేదు," అన్నాడు.

ఆమె వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళింది. ఈసారి బిగించింది డిజైనరే అయినా, జారిన చైను మధ్యదారిలో ఎక్కించుకుంది ఆమే. సబ్బుతో తోమింది. మళ్ళీ తోమింది. అరచేతులు ఎర్రబడ్డాయి గానీ గోళ్ళ పక్కన నలుపు పోలేదు.

"రోజూ ఇంతేనా?" అన్నాడు డిజైనరు.

"చైను తీసి పెట్టిన ప్రతిసారీ ఇంతే. తోమీ తోమీ చర్మం పగులుతోంది. పగిలిన చెయ్యి ఒంటిమీద వేస్తే వాళ్ళకి గుచ్చుకుంటుంది. నాకున్న పనిముట్లు ఈ రెండు చేతులేనండీ."

ఆ మాటలో వెటకారం లేదు. ఆ క్షణాన డిజైనరు ప్రేమలో పడ్డాడంటే కథకి అందంగా ఉంటుంది. నిజానికి ఆ పని స్టేషన్ బయట గొడుగు దగ్గరే అయిపోయింది. ఇక్కడ అతనికి కలిగింది సిగ్గు.

ఆ సిగ్గుతో సూట్‌కేసు ఆశ వదులుకున్నాడు. పెడళ్ళు, చైను, వెనక చక్రం ఎప్పటికీ కలిసే ఉండేలా, వాటికి ముందు ఒకే ఒక్క చోట సైకిలు విడిపోయేలా మళ్ళీ గీశాడు. రెండే ముక్కలు, భుజానికొకటి. చైనుకి పూర్తిగా మూత. దాన్ని మోసుకుని మళ్ళీ శనివారం వెళ్ళాడు. ఆ తర్వాతి శనివారం కూడా వెళ్ళాడు.

"పట్టీ భుజం కోసేస్తోంది," అనేది ఆమె. మరో వారానికి పట్టీ కింద మెత్త వచ్చేది.

"లాకు తియ్యాలంటే పహిల్వాన్‌ని పిలవాలి," అనేది. లాకు వదులయ్యేది.

"ఈసారి ఏ వంకా దొరకలేదు. దిగులుగా ఉంది," అందొకరోజు టీ కొట్టు దగ్గర.

"వెతకండి. దొరుకుతుంది. నా పనితనం మీద నాకు నమ్మకముంది."

ఆమె నవ్వి టీ ఒలకబోసుకుంది. "మా అమ్మమ్మ అడుగుతోంది, సైకిలు బాగుచెయ్యడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకే అని."

"మీరేమన్నారు?"

"కంపెనీ రూలేమోనన్నాను."

ఆమె, అమ్మమ్మ ఉండేది లిఫ్టు లేని బిల్డింగులో, నాలుగో అంతస్తులో. శనివారాల్లో వాన పడకపోతే డిజైనరుకి దిగులుగా ఉండేది, గొడుగు ఒక్కటే కదా. ఈ మధ్య ఆమె దాన్ని సైకిలు మీద పట్టడం మానేసింది.

కథ ఇంత బాగా నడుస్తుంటే చూస్తూ ఊరుకోని మనిషొకడు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. ఇక్కడతను సేల్స్ మేనేజరు. మేనమామ నిర్ణయం చెప్పే రోజు దగ్గర పడుతుంటే, వచ్చి టేబుల్ మీద కూర్చున్నాడు.

"ఆ ఫిజియో అమ్మాయిని భలే బుట్టలో వేశావు గురూ. షికార్లేంటి, టీలేంటి. ఇంక రిపోర్టు మన జేబులో ఉన్నట్టే."

ఇతని చెవిన పడిన మాట మధ్యాహ్నానికల్లా మేనమామ దగ్గరికి, సాయంత్రానికి అమ్మ దగ్గరికి చేరుతుంది. అసలు మనిషికే ఇంకా చెప్పని సంగతి ఊరంతా తిరుగుతుందని డిజైనరుకి భయమేసింది. భయమేస్తే కొందరు పారిపోతారు. ఇతను నవ్వాడు.

"ఏదో, పని జరగాలి కదా," అన్నాడు.

"జరిగిందిలెండి."

ఆ గొంతు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. వదులైన పట్టీ చూపిద్దామని వచ్చిన ఆమె, సైకిలు రెండు ముక్కల్నీ గోడకి జాగ్రత్తగా ఆనించి వెళ్ళిపోయింది.

"విందంటావా?" అన్నాడు సేల్స్ మేనేజరు. ఈ తెలివికి కంపెనీ నెలనెలా జీతమిస్తోంది.

ఆమె ఫోన్ ఎత్తలేదు. శనివారం స్టేషన్‌కి రాలేదు. డిజైనరు బిల్డింగు కిందికి వెళ్ళి నిలబడితే, పైనుంచి అమ్మమ్మ తొంగి చూసింది.

"లేదు బాబూ," అంది. "ఉన్నా లేదు."

నిర్ణయం రోజున మేనమామ ట్రయల్ వాళ్ళందర్నీ పిలిచాడు. మిగిలినవాళ్ళు సైకిల్ని ఆదివారాలు బయటికి తీసి, తుడిచి, లోపల పెట్టినవాళ్ళు. "రోజూ వాడింది ఈ అమ్మాయి ఒక్కతే. ఈమె మాటే నాకు లెక్క," అన్నాడు మేనమామ.

ఆమె లేచింది. డిజైనరు వైపు చూడలేదు. "మొదట ఇచ్చింది ఎందుకూ పనికిరాదు. ఇప్పటిది బాగుంది. చేతులకి మరక అంటదు, మోస్తూ మెట్లెక్కగలను. తయారుచెయ్యండి," అంది.

సేల్స్ మేనేజరు మీసాల్లో నవ్వుకున్నాడు. మేనమామ సంతకానికి పెన్ను తీశాడు. ఆ నవ్వు చూశాక డిజైనరుకి కూర్చోబుద్ధి కాలేదు.

"సార్, ఆ రిపోర్టు లెక్కలోకి తీసుకోకండి."

"ఏం, ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందా?"

"ఆవిడకి అబద్ధం చేతకాదు సార్. కానీ నాకు ఆవిడంటే ఇష్టం. మొదటి శనివారం వెళ్ళింది సైకిలు కోసం. తర్వాతవన్నీ ఆవిడ కోసం. పని జరగడం కోసం తిరిగానని ఒకరోజు నేనే అన్నాను, అది పచ్చి అబద్ధం. రేపు ఎవరైనా ఆవిడ రిపోర్టు చూసి నవ్వితే నేను భరించలేను. ఇంకెవరికైనా ఇచ్చి చూడండి."

"ఇంకెవరికైనా అంటే వచ్చే ఏడాదికే."

"తెలుసు సార్."

"అప్పటిదాకా బాతులు."

"తెలుసు మామయ్యా."

మేనమామ పెన్నుకి మూత పెట్టేశాడు. "ఈ ఇష్టం సంగతి ఆ అమ్మాయికి చెప్పావా?"

"ఇప్పుడేనండీ."

గది మొత్తం ఆమె వైపు తిరిగింది. ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "మీటింగ్ అయిపోతే వెళ్తాను. పేషెంట్లున్నారు," అని బయటికి నడిచింది.

గేటు దాటాక అందుకున్నాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"ఏడాది పోగొట్టుకున్నారు," అంది ఆగకుండా. "తెలివైనవాళ్ళెవరూ చేసే పని కాదు."

"తెలివైనవాణ్ణని మీరెప్పుడూ అనలేదు కదండీ."

ఆమె ఆగింది. "నాకు ఆ మాటకి కోపం రాలేదు. అంటూ నవ్వారు చూడండి, అందుకొచ్చింది. అంత మంచి శనివారాల గురించి అలా నవ్వుతారా ఎవరైనా?"

"భయమేసి నవ్వాను."

"మరి ఇవాళ?"

"ఇవాళ ఇంకా భయమేసింది. నవ్వు రాలేదు."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. రోజూ మనుషుల నొప్పి ఎక్కడుందో వెతికే కళ్ళవి.

"ఆదివారం రండి," అంది. "శనివారం కాదు. సైకిలు తేవద్దు. పట్టీ, లాకు ఏవీ వద్దు. ఏ పనీ లేకుండా నాలుగంతస్తులు ఎక్కి వస్తారేమో చూస్తాను."

ఆదివారం డిజైనరు ఎక్కాడు. మోయడానికి ఏమీ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఆయాసం మాత్రం మామూలుగానే వచ్చింది. బెల్లు కొట్టాడు. అమ్మమ్మ తలుపు ఓరగా తీసి, అతని రెండు చేతులూ చూసింది. వెనకాల ఏమైనా దాచాడేమోనని అటు కూడా తొంగి చూసింది.

"ఏం పని మీద వచ్చావు బాబూ?"

"ఏ పనీ లేదండీ."

అమ్మమ్మ తలుపు బార్లా తీసింది. తల లోపలికి తిప్పి, "వచ్చాడే," అంది. "ఉత్తచేతుల్తోనే వచ్చాడు."