నాలుగో మంచం దగ్గర అడిగేదెవరు

ఆ దవాఖానా క్యాజువాలిటీలో నాలుగో మంచం మంచిది కాదంటారు.

ఊరి పేరు రాయను. భద్రాచలం పోయే దారిలో, అడవి దగ్గరపడేచోట ఉంది. అక్కడ పనిచేసేవాళ్లకు ఉన్న తిప్పలు చాలు. మంచం గోడ వారన, పచ్చ తెర వెనక ఉంటుంది. రాత్రి రెండు దాటాక ఆ తెర అవతల నుంచి ఎవరో గుసగుసగా ఏదో అడుగుతారట... పెద్దవాళ్లు పడుకుంటే ఏమీ ఉండదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు పడుకుంటేనే.

108 డ్రైవర్ బలరాం ఎవరినీ ఆ మంచం మీద దించడు. "స్ట్రెచర్ మీదనే ఉంచుకోన్రి, నేను రేపొచ్చి తీస్కపోత" అంటాడు. ఎవరో మంచం కోడుకు నిమ్మకాయ కూడా కట్టారు. డాక్టర్లు నవ్వుతారు. నవ్వుతారే గాని, నైట్ డ్యూటీలో ఆ పక్కకు వెళ్లరు.

నాకీ సంగతి చెప్పింది పుష్పలత. ఇంటర్లో నా పక్క బెంచీ, ఇప్పుడక్కడ స్టాఫ్ నర్సు. దెయ్యాల మాటెత్తితే కసురుకునే మనిషి.

"నువ్వు నమ్మకు. కానీ విను" అని మొదలుపెట్టింది.

ఆ క్యాజువాలిటీలో ఒక పద్ధతి పెట్టారు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఏ దెబ్బతో వచ్చినా, కట్టు కట్టాక నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎప్పుడైనా తాగినవా? ఏడాదిలో ఎన్నిసార్లు? తాగి బండి నడిపినవా? ఇంట్లో ఎవరికన్నా తెలుసా? అడిగేముందు తల్లిదండ్రులను బయటికి పంపాలి. కాగితం మీద మొదటి వరుస అదే.

మొన్న వానాకాలంలో దుర్గ అనే హాస్టల్ పిల్లను తెచ్చారు. మెట్ల మీద జారి చెయ్యి విరిగింది. నాలుగోది తప్ప వేరే మంచం ఖాళీ లేదు. పుష్పలత అందరినీ బయటికి పంపి అడిగింది. పిల్ల నాలుగింటికీ తల అడ్డంగా ఊపింది.

తెల్లారి బ్రష్ నోట్లో పెట్టుకుని దుర్గ అంది—

"సిస్టర్, నీకు అబద్ధం చెప్పిన. రాత్రి మాత్రం నిజం చెప్పిన."

"ఎవరికి?"

"తెర అవుతల కూసున్నోళ్లకు. మల్ల అవ్వే నాలుగు అడిగిన్రు..."

"ఎవరు?"

"ముఖం కనబడలే. నువ్వే అనుకున్న."

ఆ రాత్రి పుష్పలత ఒక్కతే నర్సు. తెర దగ్గరికి ఆమె వెళ్లలేదు.

దుర్గ ఆ నిజం పుష్పలతకూ చెప్పింది, దానివల్ల మంచే జరిగింది. ఆదివారాలు హాస్టల్ వెనక సీసా తెప్పించుకుంటున్న ముగ్గురు పిల్లలకు డాక్టరమ్మ సాయం దొరికింది. కానీ రాత్రి అడిగిందెవరన్నది పుష్పలతను వదల్లేదు.

ఎందుకంటే ఆ మంచానికి చెడ్డపేరు పద్నాలుగు నెలల నుంచే. పవన్ పోయినప్పటి నుంచి.

పవన్ ముత్తక్క కొడుకు. ముత్తక్క ఆ వార్డులోనే ఆయమ్మ, పక్క అడవి పల్లె మనిషి. పిల్లాడికి పదిహేడేళ్లు. బండి మీద నుంచి పడి గడ్డం చీల్చుకొని వచ్చాడు. నాలుగో మంచం మీద పుష్పలతే కుట్లు వేసింది. తర్వాత కాగితం తీసింది. ముత్తక్క అక్కడే నేల తుడుస్తోంది.

"మావోడు అసొంటోడు కాదు సిస్టర్. రాసెయ్."

ఆమె అబద్ధమాడలేదు. పండగనాడు దేవత ముందర దొప్పలో పోసే ఇప్పసారా ఓ గుటకను వాళ్ల పల్లెలో ఎవరూ తాగుడు అనరు. ఆమెకు తెలిసింది అంతే. పిల్లాడి దగ్గర వాసనొచ్చిందా అంటే— క్యాజువాలిటీలో అంతా స్పిరిట్ వాసనే.

స్టాఫ్ కొడుకు. తల్లిని బయటికి పొమ్మని ఎట్లా అంటాం? పుష్పలత పిల్లాడి వైపు చూడకుండానే నాలుగుసార్లు 'లేదు' అని టిక్కు పెట్టింది. వాడు ఏదో అనబోయి... తల్లిని చూసి ఊరుకున్నాడు.

నలభై రోజులకు వాణ్ణి మళ్లీ అదే మంచం మీదికి తెచ్చారు. బండి కల్వర్టులో పడింది. ఈసారి అడగడానికి ఏమీ మిగల్లేదు.

దుర్గను పంపిన మరునాడు రాత్రి నాలుగో మంచం ఖాళీగా ఉంది. పుష్పలత మందుల బీరువా పక్కన లైటు తీసేసి కూర్చుంది. బయట వాన. రెండు దాటింది...

"ఎప్పుడన్న... తాగినవా?"

గుసగుస. తెర వెనక నుంచే.

చాలాసేపు ఏమీ లేదు.

"ఎన్నిసార్లు?"

తను అడగాల్సిన ప్రశ్నలు. అదే వరుసలో. అడగనందుకు పవనే వచ్చి తనకు వినిపిస్తున్నాడనుకుంది. అయినా లేచింది. తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజింది—

ముత్తక్క.

నేల మీద కూర్చుని, ఖాళీ పరుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"మెల్లగ, సిస్టర్."

"పిల్లల్ని అడిగేది... నువ్వేనా?"

"అవ్. పగటిపూట మీకు చెప్పరు. చీకట్ల ముఖం కనబడకుంటె చెప్తరు. ఆ కట్టుచెయ్యి పిల్ల ఎంత ఏడ్సిందో."

"ఇయ్యాల ఎవ్వరు లేరు గద, ముత్తక్కా."

ముత్తక్క పరుపు నిమిరింది.

"వీడున్నడు. ఎన్ని రాత్రులాయెనో అడగబట్టి... ఇంకా లేదనే అంటుండు, సిస్టర్."

పుష్పలత అప్పుడు చేసింది నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆమెను లేపి పడుకోబెట్టాలి, డాక్టరుకు చెప్పాలి. అవేవీ చెయ్యలేదు.

"నువ్వు బయటికి పో, ముత్తక్కా" అంది. "తల్లి ముంగట ఏ పిల్లగాడు చెప్తడు?"

ఏడాదికి పైగా ఆలస్యంగా అన్న మాట.

ముత్తక్క లేచి వరండాలోకి వెళ్లింది. పుష్పలత తెర దగ్గరికి లాగి, మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుంది. ఒక్కొక్కటే అడిగింది. నాలుగూ.

పావుగంటకు బయటికొచ్చింది. ముత్తక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏమన్నడు, సిస్టర్?"

"అవ్ అన్నడు."

"ఎన్నిసార్లు?"

"శానసార్లు."

"బండి...?"

"నడిపిండట."

"ఇంకేమన్నడు?"

"అమ్మకు చెప్పొద్దు అన్నడు."

ముత్తక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు శవం దగ్గర కూడా ఏడవని మనిషి, మెట్ల మీద కూలబడి తెల్లారేదాకా ఏడ్చింది.

అంతా విన్నాక నేను పుష్పలతను అడిగాను. "ఆమె గుండె చల్లారాలని అట్లా చెప్పినవు. అంతేనా?"

"మొదటి మూడు జవాబులు నేనే కల్పించిన" అంది పుష్పలత. "నాలుగోది కాదు."