పసుపు నీళ్లలో తడిసిన హార్డ్‌డిస్క్

ఆయుధపూజ నాటి ఉదయం, గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లో ఏజెంట్ జీవానందాన్ని కాల్చి చంపారు. మర్నాడు ఆ కేసు అతని అన్న యేసుదాసుకే వచ్చింది.

"విదేశీ ముఠా. పలకల లారీలో పేలుడు పదార్థాలు," ఫోన్‌లో చీఫ్ గొంతు. "టార్గెట్ తర్లుపాడు దగ్గర రైలు వంతెన. ఇవాళ సాయంత్రం ప్యాసింజర్ దాటే వేళకు. అది ఏ లారీయో తెలిసేలా నీ తమ్ముడు వీడియో తీశాడు. చనిపోకముందే ఆ డిస్క్‌ను మార్కాపురంలో మన మనిషి గురునాథం కంప్యూటర్ రిపేరు షాపుకు చేర్చాడు. పాడైపోయిందని ఏజెంట్ నీలిమ అంటోంది."

పలకల వ్యాపారి వేషంలో, శాంపిల్ పలక చంకన పెట్టుకుని యేసుదాసు రిపేరు షాపులోకి అడుగుపెట్టాడు.

"ఎర్ర పలకలు దొరుకుతాయా?"

"వాన పడితే దొరుకుతాయి," కోడ్ అప్పజెప్పి, గురునాథం డిస్క్ తీశాడు. దాని మీద కుంకుమ బొట్టు!

"ఏంది అబ్బయ్యా ఇది?"

"నిన్న పూజ గదన్నా. సామాన్లన్నిటికీ పసుపునీళ్లు చల్లి బొట్లు పెట్టినా. ఇది గూడా సామానే గదా!"

కుర్చీలో కూర్చున్న నీలిమ నల్లకళ్లద్దాలు సర్దుకుని నవ్వింది. "దాని పని అయిపోయింది. ఇటివ్వండి, హెడ్‌క్వార్టర్స్‌లో ఇచ్చేస్తాను."

"కూర్చోమ్మా. తొందరేముంది?" అన్నాడు యేసుదాసు.

గురునాథం స్పిరిట్‌తో పోర్టు తుడిచి రికవరీ ప్రోగ్రామ్ నడిపాడు. కాసేపటికి అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"అన్నా, దీంట్లో ఎవరో ఫైళ్లు చెరిపే ప్రోగ్రామ్ పెట్టినారు. పోర్టులో తడికి కనెక్షన్ తెగి సగంలో ఆగింది. మిగిలింది అట్లనే ఉంది."

"నువ్వు కాక ఎవరు ముట్టుకున్నారు?"

"ఈ అక్క ఒక్కతే. టీ తెమ్మని నన్ను బయటికి పంపించింది."

నీలిమ చేతిలో లిప్‌స్టిక్ మెరిసింది. యేసుదాసు పలక విసిరాడు. అది ఆమె మణికట్టుకు తగలడంతో లిప్‌స్టిక్ లోంచి దూసుకొచ్చిన బుల్లెట్ పైకప్పులో దిగబడింది. యూఎస్‌బీ కేబుల్‌తో ఆమె చేతులు కట్టేశాడు.

స్క్రీన్ మీద పలకల ఫ్యాక్టరీ యార్డు. లారీ నంబరు. పక్కనే నీలిమ, ఇద్దరు విదేశీయులు. యేసుదాసు ఆ నంబరు ఫోన్‌లో చెబుతుండగానే కెమెరా తిరిగి జీవానందం ముఖం కనిపించింది.

"నాకేమన్నా అయితే మా అన్నకి చెప్పండి, నేను..."

తెర నల్లబడింది.

"తర్వాత?"

"చెరిగిపోయిందన్నా. ఇంక రాదు."

చీఫ్ పంపిన బృందానికి వంతెన కింద లారీ దొరికింది. ఆఖరి సెకనులో బాంబు వైరు కత్తిరించారు. పైన ప్యాసింజర్ కూత వేసుకుంటూ దాటిపోయింది. లోపలి జనానికి ఏమీ తెలియదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "వెల్ డన్. ఇది బయటికి రాకూడదు. ముఠా అంతా దొరికేదాకా జీవానందం చావు కూడా. రికార్డులో లీవులో ఉన్నట్టు రాయించాను."

ఇంకా షాపులోనే ఉన్న యేసుదాసు నల్లటి తెర వైపు చూశాడు.

"లీవు ఎప్పటిదాకా సార్?"